మడమ నొప్పి వైద్యం ఇంటి నేల మీదే మొదలు కావాలి

కర్నూలు, కడప, అనంతపురం పట్టణాల్లో మడమ నొప్పితో ఎముకల డాక్టరు దగ్గరకు వచ్చేవారిలో ఎందరో తమ జబ్బు పేరును తామే చెబుతారు. ఎక్స్‌రే తీయించుకున్నామనీ, మడమలో ఎముక పెరిగిందనీ, నడిస్తే అది గుచ్చుకుంటోందనీ అంటారు. పెరిగిన ఎముకను కరిగించే మాత్ర ఏదైనా ఉందా అని అడుగుతారు, లేదంటే ఆపరేషన్ చేసి తీసేయమంటారు. చికిత్స దారి తప్పడం ఈ నమ్మకంతోనే మొదలవుతుంది. మడమ కింది నొప్పికి చాలా సందర్భాల్లో కారణం, అరికాలిని మడమ నుంచి వేళ్ళ దాకా పట్టి ఉంచే ఒక దళసరి పొర దెబ్బతినడం. ఆ పొర తన శక్తికి మించిన బరువును, ఎక్కువ సేపు, సరైన ఆసరా లేకుండా మోయవలసి రావడం వల్లనే అది దెబ్బతింటుంది. కాబట్టి మందుల చీటీ రాయడానికి ముందు తెలుసుకోవలసినది, ఆ మనిషి రోజంతా ఏ నేల మీద, కాళ్ళకు ఏమి వేసుకుని, ఎంతసేపు నిలబడుతున్నారన్నది.

ఆ పొరను వైద్యులు ప్లాంటార్ ఫేషియా అంటారు. అది దెబ్బతిని నొప్పి పుట్టే స్థితిని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. మడమ ఎముక అడుగున, లోపలి పక్కన ఉండే చిన్న బొడిపె దగ్గర ఇది పుట్టి, అరికాలి పొడవునా విప్పారి, ఐదు పాయలుగా చీలి వేళ్ళ మొదళ్ళకు చేరుతుంది. కండరంలా ముడుచుకునే గుణం దీనికి లేదు, సాగే గుణమూ చాలా తక్కువ. మనిషి నిలబడినప్పుడు శరీర బరువు అరికాలి వంపును కిందికి అణచబోతుంది. వంపు రెండు కొసలూ ఎడం కాకుండా పట్టి ఉంచడంలో ఈ పొరదే పెద్ద పాత్ర. నడకలో మడమ పైకి లేచి వేళ్ళు వెనక్కి వంగే క్షణాన దీని మీద లాగుడు మరింత పెరుగుతుంది. కపిలబావి గిరక మీద మోకు బిగిసినట్టుగా, వేళ్ళ మొదళ్ళలోని కీళ్ళ కిందుగా ఈ పొర బిగుసుకుని అరికాలి వంపును పైకి ఎత్తుతుంది. పాదం గట్టిపడి శరీరాన్ని ముందుకు నెట్టగలుగుతుంది. జె.హెచ్. హిక్స్ 1954లో ఈ పనితీరును వివరించారు. రోజుకు కొన్ని వేల అడుగులు వేసే మనిషిలో ఈ బిగింపూ సడలింపూ అన్ని వేలసార్లూ జరుగుతాయి. ఆ లాగుడంతా చివరకు చేరేది మడమ దగ్గర పొర అతుక్కున్న చిన్న చోటికే. బొటనవేలితో నొక్కినప్పుడు రోగి ఉలిక్కిపడేది కూడా సరిగ్గా అక్కడే.

దీనిని చాలాకాలం వాపు జబ్బుగానే చూశారు. 2003లో లెమాంట్, ఆయన సహచరులు శస్త్రచికిత్సలో తీసిన 50 నమూనాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, వాటిలో వాపు లక్షణాలు లేవనీ, నారపోగులు క్షీణించి చెదిరిపోవడమే కనిపించిందనీ ప్రకటించారు. అంటే దీర్ఘకాలంగా ఉన్న మడమ నొప్పిలో ప్రధానంగా జరిగేది అరుగుదల. పోగుల్లో రోజూ ఏర్పడే అతి చిన్న చీలికలను శరీరం రోజూ బాగుచేసుకుంటూ ఉంటుంది. చీలికలు పడే వేగం మరమ్మతు వేగాన్ని దాటినప్పుడు నొప్పి నిలదొక్కుకుంటుంది. వాపు తగ్గించే మాత్రలు కొన్నాళ్ళు నొప్పిని అణచినా జబ్బును ఎందుకు మార్చలేవో ఈ విషయం తెలిస్తే అర్థమవుతుంది. పొరకు బలం రావాలంటే దాని మీద పడే అనవసరమైన భారం తగ్గాలి, అవసరమైన భారం క్రమంగా పెరగాలి. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా వినిపిస్తాయి కాబట్టే, పూర్తి విశ్రాంతి తీసుకున్నవారూ, నొప్పిని లెక్కచేయకుండా తిరిగేవారూ ఇద్దరూ బాగుపడడం కష్టమవుతుంది.

ఈ నొప్పికి ఒక ప్రత్యేకమైన నడత ఉంది. తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినంత పోటు వస్తుంది. గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద కుంటుతూ నాలుగడుగులు వేసేసరికి కొంత సర్దుకుంటుంది. పనిలో పడితే మరిచిపోయేంత తగ్గుతుంది, సాయంత్రానికి మళ్ళీ బరువెక్కుతుంది. టీవీ ముందు కాసేపు కూర్చుని లేచినా, బస్సులో కూర్చుని దిగినా ఆ మొదటి అడుగు పోటు తిరిగి వస్తుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కనుక పొర, పిక్క కండరం రెండూ కుదించుకుని బిగుస్తాయి. ఒక్కసారిగా శరీర బరువంతా పడేసరికి రాత్రి అతుక్కోబోయిన పోగులు మళ్ళీ లాగబడతాయి. ఈ నడతను రోగి నోటి వెంట వింటేనే అనుభవం ఉన్న వైద్యునికి జబ్బు చాలావరకు తెలిసిపోతుంది. స్కానింగ్ అవసరమైన సందర్భాలు తక్కువ. అల్ట్రాసౌండ్ చేస్తే పొర మందం 4 మిల్లీమీటర్లకు మించి కనిపించడం ఈ జబ్బుకు గుర్తు.

ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసువారికి ఇది వస్తుంది. ప్రతి పదిమందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని పాలబడతారని సాధారణంగా అంచనా వేస్తారు. కారణాల విషయంలో 2003లో రిడిల్ బృందం ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ విలువైనది. చీలమండ పైకి వంగే శక్తి తగ్గడం, శరీర బరువు ఎక్కువ కావడం, పని వేళల్లో ఎక్కువ భాగం నిలబడే ఉండడం అనే మూడింటికీ ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని అది చూపింది. మూడింటిలోనూ మొదటిదే అన్నిటికంటే బలమైనది. పిక్క బిగుసుకుపోతే నడకలో చీలమండ వంగవలసినంత వంగదు, ఆ లోటును అరికాలి వంపు కుంగి భర్తీ చేస్తుంది, పొర అదనంగా లాగబడుతుంది. దీనిని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గొంతుకూర్చున్నప్పుడు రెండు మడమలూ నేలకు ఆనకుండా పైకి లేస్తుంటే, లేదా నిలబెట్టుకోలేక వెనక్కి పడిపోయేట్టు ఉంటే పిక్క బిగుసుకుందేమోనని అనుమానించాలి. మోకాలి నొప్పులున్నవారు ఈ పరీక్ష జోలికి పోనక్కర్లేదు.

నిలబడి చేసే పని అనగానే బట్టల షాపుల్లో తానులు విప్పి చూపే అమ్మాయిలు, సిగ్నల్ దగ్గర కానిస్టేబుళ్ళు, ఆర్టీసీ కండక్టర్లు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో యంత్రం పక్కన నిలబడే కార్మికులు గుర్తుకొస్తారు. వీరందరి కంటే ఎక్కువ గంటలు నిలబడి, ఎవరి లెక్కలోకీ రాని వర్గం ఇంకొకటి ఉంది. అది వంటింటి ఆడవారు. రాయలసీమ ఇళ్ళకు నేలంటే బండలే. కడప బండలు, బేతంచెర్ల బండలు తరతరాలుగా మన ఇళ్ళలో పరుచుకున్నాయి. వాటి స్థానంలో ఇప్పుడు టైల్స్, గ్రానైట్ వస్తున్నాయి. వేసవిలో చల్లగా ఉండే ఆ నేల ఎంత హాయినిస్తుందో అంత గట్టిది కూడా. చెప్పులు గడప బయట విడవడం మన ఆచారం. దాంతో ఇంటి ఇల్లాలు తెల్లవారుజామున కల్లాపి చల్లడం దగ్గర నుంచి రాత్రి గిన్నెలు తోమడం దాకా బరువంతా వట్టికాళ్ళతో గట్టి నేల మీద మోస్తుంది. బయట ఉద్యోగం చేసేవారికైనా కాళ్ళకు చెప్పులో బూట్లో ఉంటాయి, ఆదివారం సెలవు ఉంటుంది. ఈమెకు రెండూ లేవు. మడమ కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త వయసుతో పాటు తన సాగుడు గుణాన్ని కోల్పోతుంది. నలభై దాటిన తర్వాత గట్టి నేల మరింత గట్టిగా తగలడానికి అదొక కారణం.

మన ప్రాంతంలో నొప్పి మొదలయ్యే ఇంకొక సందర్భాన్ని కూడా వైద్యులు అడిగి తెలుసుకోవాలి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలం పాటు, అంటే 41 రోజులు, చెప్పులు లేకుండా తిరుగుతారు. శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కాలినడకన శ్రీశైలం చేరే భక్తులున్నారు. ఉగాదికి కర్ణాటక నుంచి మన ఊళ్ళ మీదుగా నడిచి వచ్చేవారి బారులు రోడ్ల వెంట కనిపిస్తాయి. పుట్టినప్పటి నుంచి పొలాల్లో వట్టికాళ్ళతో తిరిగిన రైతు పాదం ఈ నడకను తట్టుకుంటుంది. ఏడాదంతా బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చునే ఉద్యోగి పాదానికి ఆ సిద్ధత లేదు. భక్తిలోగానీ వట్టికాళ్ళ నడకలోగానీ తప్పు లేదు; చిక్కంతా ఆ మార్పు ఒక్క రోజులో జరగడంలోనే ఉంది. దీక్షకు నెలా రెండు నెలల ముందు నుంచే రోజుకు కాస్త కాస్తగా చెప్పులు లేకుండా మెత్తటి మట్టి మీద నడిచి అలవాటు చేసుకోవడం, పిక్క వ్యాయామాలు మొదలుపెట్టడం మంచిది.

ఇక ఎక్స్‌రేలో కనిపించే ముల్లు సంగతి. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు సగం మందికి మడమ ఎముకకు చిన్న మొన కనిపిస్తుంది. ఏ నొప్పీ లేనివారికి ఎక్స్‌రే తీసినా చాలామందిలో అదే మొన కనిపిస్తుంది. నొప్పి పూర్తిగా తగ్గిపోయిన తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఆ మొన అక్కడే ఉంటుంది. ఈ ఒక్క విషయం రోగికి ఓపికగా చెబితే సగం భయం పోతుంది, ఎముకను కరిగిస్తామనే ప్రకటనల మీద పెట్టే డబ్బూ మిగులుతుంది. అయితే మన ప్రాంతానికి సంబంధించి ఒక మినహాయింపు ఉంది. అనంతపురం జిల్లాలో కొన్ని చోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎముకల ఫ్లోరోసిస్‌లో స్నాయువులు గట్టిపడి ఎముకగా మారుతూ వస్తాయి. బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవారికి మడమలతో పాటు నడుము, మెడ, మోకాళ్ళు కూడా బిగుసుకుపోతున్నట్టయితే అది వేరే పరిశోధన కోరే విషయం. అక్కడ ఎక్స్‌రే నిజంగానే అవసరం.

మడమ నొప్పి అంతా ప్లాంటార్ ఫేషియైటిస్ కాదు. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే విపరీతంగా నొప్పి పుడితే, ముఖ్యంగా ఇటీవల నడక, పరుగు బాగా పెరిగినవారిలో, మడమ ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండడం నరం నొక్కుకుపోయిందనడానికి సూచన. యువకుల్లో రెండు మడమలూ ఒకేసారి నొస్తూ, ఉదయం అరగంటకు పైగా నడుము పట్టేసి, కదిలితే సులువు అవుతుంటే వెన్నెముకకు వచ్చే కీళ్ళవాతాన్ని అనుమానించి రక్తపరీక్షలు చేయించాలి. దీన్ని మడమ నొప్పిగానే చూసి ఏళ్ళు గడిపితే వెన్ను బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. జ్వరం, ఎర్రదనం, పుండు, కూర్చున్నా పడుకున్నా వదలని రాత్రి నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఇంటి చికిత్స ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి.

జబ్బు ఇదేనని తేలాక చేయవలసిన మొదటి పని మంచం దిగకముందే మొదలవుతుంది. మంచం మీద కూర్చుని నొస్తున్న పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకోవాలి. అదే వైపు చేతితో కాలి వేళ్ళను, ముఖ్యంగా బొటనవేలిని, మొదళ్ళ దగ్గర పట్టుకుని మోకాలివైపుకు నెమ్మదిగా వంచాలి. రెండో చేతి బొటనవేలితో అరికాలిని తడిమితే మడమ నుంచి ముందుకు ఒక తాడు బిగుసుకుని పైకి తేలినట్టు తెలుస్తుంది. అలా తెలిసిందంటే సాగదీత సరిగ్గా జరుగుతోందన్నమాట. పది లెక్కించేదాకా పట్టి ఉంచి వదలాలి, ఇలా పదిసార్లు చేయాలి, రోజుకు మూడుసార్లు. అందులో మొదటిది ఉదయం తొలి అడుగుకు ముందే జరగాలి. 2003లో డిజోవానీ బృందం దీర్ఘకాలిక మడమ నొప్పి ఉన్న 101 మందిపై చేసిన అధ్యయనంలో, 8 వారాల తర్వాత, కేవలం పిక్కను సాగదీసినవారి కంటే ఈ పద్ధతి పాటించినవారికి ఎక్కువ ఉపశమనం కలిగింది. ఖర్చు లేని ఈ పనికి మందు కంటే ముందు చోటివ్వాలి. పగటిపూట ఎక్కువసేపు కూర్చుని లేచే ప్రతిసారీ కూడా ఒకటి రెండు నిమిషాలు ఇలా చేసి లేస్తే మొదటి అడుగు పోటు గణనీయంగా తగ్గుతుంది.

పిక్క బిగువు కూడా తోడైనవారు గోడకు చేతులు ఆనించి, నొస్తున్న కాలిని వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనే ఉంచి ముందుకు వంగాలి. మోకాలు నిటారుగా ఉంచి కొంతసేపు, కాస్త వంచి కొంతసేపు, ఒక్కొక్కటి అర నిమిషం చొప్పున చేస్తే పిక్కలోని రెండు కండరాలూ సాగుతాయి.

సాగదీయడంతో ఆగిపోతే పని సగమే అయినట్టు. పొరకు బలం ఎక్కించే వ్యాయామాన్ని 2014లో డెన్మార్క్‌కు చెందిన రాథ్లెఫ్ బృందం పరీక్షించింది. మెట్టు అంచు మీద నిలబడి, కాలివేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఒంటికాలి మీద మడమను మూడు లెక్కల్లో పైకి లేపి, రెండు లెక్కలు నిలిపి, మూడు లెక్కల్లో కిందికి దించాలి. వేళ్ళ కింద తువ్వాలు ఉండడం వల్ల పొర బిగుసుకుంటుంది, భారం సూటిగా దాని మీదే పడుతుంది. దీనిని రోజు విడిచి రోజు చేయాలి. మొదట 12 సార్ల చొప్పున మూడు విడతలు, బలం వచ్చేకొద్దీ వీపున సంచిలో పుస్తకాలు పెట్టుకుని బరువు పెంచుకుంటూ సార్లు తగ్గించి విడతలు పెంచాలి. మూడు నెలల దగ్గర ఈ వ్యాయామం చేసినవారు సాగదీత మాత్రమే చేసినవారి కంటే మెరుగ్గా ఉన్నారు. ఏడాదికి రెండు వర్గాలూ దాదాపు సమానమయ్యాయి. అంటే ఇది కోలుకునే కాలాన్ని ముందుకు జరిపే సాధనం. ఒంటికాలి మీద లేవలేనివారు, వయసు మళ్ళినవారు రెండు కాళ్ళ మీదా, కటకటాలో గోడో పట్టుకుని మొదలుపెట్టవచ్చు. చేస్తున్నప్పుడు భరించగలిగినంత నొప్పి ఉన్నా పరవాలేదు. మర్నాటి ఉదయపు తొలి అడుగు ముందటి కంటే ఎక్కువ నొస్తే మాత్రం భారం ఎక్కువైందని గ్రహించి ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఇంట్లో చెప్పుల విషయంలో మన ఇళ్ళు కొంచెం మారాలి. వంటింట్లో చెప్పులేమిటన్న అభ్యంతరం చాలా ఇళ్ళలో, ముఖ్యంగా పెద్దవారి నుంచి, వస్తుంది. ఆ అభ్యంతరంలో శుభ్రత, దైవభక్తి రెండూ ఉన్నాయి కనుక దానిని తేలికగా తీసిపారేయకూడదు. బయటికి ఒక్కసారి కూడా వేసుకెళ్ళని, కడిగి ఆరబెట్టుకునే చెప్పుల జతను ఇంటి కోసమే ఉంచుకుని, పూజ గదిలోకి వెళ్ళేటప్పుడు విడిస్తే ఆ రెండింటికీ భంగం రాదు. మంచం పక్కనే వాటిని పెట్టుకుని, పాదం నేలకు తగలకముందే తొడుక్కోవాలి. అప్పటికీ కుదరని ఇళ్ళలో పొయ్యి ముందు, గిన్నెలు కడిగే చోట దళసరి రబ్బరు చాప పరుచుకోవచ్చు. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం లాంటి పనులు కూర్చుని చేసుకునే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. ఇవి ఒక ఆడమనిషి తనంతట తాను చేసుకోగలిగే మార్పులు కావు. ఇంటిల్లిపాదీ ఒప్పుకుని, పనిని పంచుకుంటేనే కుదురుతాయి. డాక్టరు ఈ మాటను ఆమెతో పాటు వచ్చిన భర్తకో కొడుక్కో కూడా చెప్పడం అవసరం.

చెప్పు ఎంపికలో మెత్తదనమే ప్రమాణం కాదు. పూర్తిగా చదునుగా ఉండే పలుచని హవాయి చెప్పు అరికాలి వంపుకు ఏ ఆసరా ఇవ్వదు. చేతితో నొక్కితే అణిగిపోయే స్పాంజి చెప్పు శరీర బరువు కింద వారం రోజుల్లో చదునైపోతుంది. మడమ వైపు కొద్దిగా ఎత్తు, వంపు దగ్గర కాస్త ఉబ్బు, మడమ కూర్చునేందుకు చిన్న గుంట ఉండాలి. చెప్పును వంచితే వేళ్ళ దగ్గర వంగాలి. నడుమ మడతపడితే, లేదా రెండు చేతులతో మెలితిప్పగానే మెలిపడితే అది పనికిరాదు. బూట్లు వేసుకునేవారు లోపల ఆసరా మెత్తలు పెట్టుకోవచ్చు. పాదం అచ్చు తీసి ప్రత్యేకంగా చేయించే ఖరీదైన మెత్తలే కావాలన్న నియమం లేదు. ఆస్ట్రేలియాలో 135 మందిపై జరిగి 2006లో వెలువడిన లాండోర్ఫ్ అధ్యయనంలో, షాపులో దొరికే సిద్ధపు మెత్తలకూ, అచ్చు తీసి చేసిన వాటికీ ఫలితంలో తేడా కనిపించలేదు. రెండూ మొదటి నెలల్లో కొంత మేలు చేశాయి, ఏడాది చివరకు ఆ మేలు నిలవలేదు. వేల రూపాయలు పెట్టి వాటినే చికిత్సగా భావించడం తగదు. వ్యాయామం పని చేసేదాకా అవి ఇచ్చేది ఆసరా మాత్రమే.

నిలబడి చేసే ఉద్యోగాల్లో గంటకు ఐదు నిమిషాలు కూర్చునే వీలు కల్పించడం యజమానులకు భారమైన సంగతి కాదు. షాపుల్లో అమ్మకం పని చేసేవారికి బల్ల వెనుక ఒక ఎత్తుపీట ఉన్నా చాలు. నడకను ఆరోగ్యం కోసం చేసేవారు నొప్పి ఉన్న నెలల్లో సిమెంటు రోడ్డు మీద గంటసేపు నడవడానికి బదులు సైకిలు, ఈత లాంటివి ఎంచుకోవచ్చు. బరువు తగ్గడం దీర్ఘకాలంలో చాలా మేలు చేస్తుంది. మడమ నొస్తున్న మనిషిని నడిచి బరువు తగ్గమనడం మాత్రం న్యాయం కాదు. ముందు అన్నం, నూనె, తీపి తగ్గించే దారిలో మొదలుపెట్టాలి.

నొప్పి మాత్రల వాడకం మన ఊళ్ళలో అదుపు తప్పి ఉంది. మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాక్ ఇస్తారు. తగ్గకపోతే ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గర పిరుదుకు ఇంజెక్షన్ పడుతుంది, అందులో తరచూ స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకు మొదటికొస్తుంది. ఎండలో చెమటోడ్చి పనిచేసేవారి ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలకు చేసే హాని మామూలు కంటే ఎక్కువ. కడుపులో పుండు, బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పకుండా వీటిని ముట్టకూడదు. నొప్పి తీవ్రంగా ఉన్న మొదటి వారం పది రోజులు అవసరమైతే వాడి, ఆపేయడం పద్ధతి. పేరు, కూర్పు లేని కీళ్ళ నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సంగతి దేశంలో పలుచోట్ల బయటపడింది. వెంటనే అద్భుతంగా పనిచేసే పొడినే ఎక్కువ అనుమానించాలి.

మడమలోకే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేరు. దానికి ఒక స్థానం ఉంది, ఆ స్థానం చిన్నది. 2012లో వచ్చిన మెక్‌మిలన్ అధ్యయనంలో అల్ట్రాసౌండ్ సాయంతో ఇచ్చిన ఇంజెక్షన్ నాలుగు వారాల దగ్గర నొప్పిని తగ్గించింది, ఆ పైన నొప్పిలో మేలు నిలవలేదు. మళ్ళీ మళ్ళీ వేయించుకుంటే పొర తెగిపోయే ప్రమాదం, మడమ కింది కొవ్వు మెత్త కరిగిపోయే ప్రమాదం ఉన్నాయి. కరిగిన ఆ మెత్తను తిరిగి తెచ్చే వైద్యం లేదు, అందుకే ఈ నష్టం మొదటి నొప్పి కంటే బాధాకరం. మధుమేహం ఉన్నవారిలో ఒక్క ఇంజెక్షన్‌కే కొన్ని రోజుల పాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆరు నెలలు సరైన వ్యాయామం చేసినా లొంగని నొప్పికి బయటి నుంచి శబ్ద తరంగాలను మడమకు పంపే షాక్‌వేవ్ చికిత్స, రోగి రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని ఎక్కించే పీఆర్పీ పద్ధతి ఉన్నాయి. షాక్‌వేవ్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో అనుమతినిచ్చింది. రాత్రిపూట పాదాన్ని నిటారుగా ఉంచే పట్టీలు ఉదయపు పోటు ఎక్కువగా ఉన్నవారికి ఉపయోగపడతాయి, నిద్రకు అడ్డు రాకపోతే.

ఇటుకను పొయ్యి మీద కాచి, జిల్లేడాకులు పరిచి, దాని మీద మడమ ఆనించే కాపడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. వేడి వల్ల బిగువు సడలి హాయి కలగడం నిజమే. స్పర్శ సరిగా ఉన్నవారు ఓర్చుకోగలిగిన వేడితో చేసుకుంటే అభ్యంతరం లేదు. జిల్లేడు పాలు చర్మానికి తగిలితే పొక్కులు రావచ్చు, కంటిలో పడితే చూపుకే ప్రమాదం. షుగరు జబ్బుతో అరికాళ్ళు మొద్దుబారినవారికి మాత్రం ఈ కాపడం పూర్తిగా నిషిద్ధం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా వేసింది. వారిలో చాలామందికి పాదంలో వేడి ఎంత తగులుతోందో తెలియదు. కాలిన సంగతి పొక్కు పగిలి పుండు పడిన తర్వాతే తెలుస్తుంది, ఆ పుండు వేలినో పాదాన్నో తీసేసేదాకా తీసుకెళ్ళగలదు. వారికి ఐసు ముక్కలతో రుద్దడం కూడా అంతే ప్రమాదం. మిగిలినవారు సాయంత్రం వేళ సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, పలుచటి గుడ్డ చుట్టి, అరికాలి కింద పది నిమిషాలు దొర్లించుకుంటే ఉపశమనం ఉంటుంది.

శస్త్రచికిత్స అవసరం నూటికి ఏ కొద్దిమందికో వస్తుంది. పొరలో సగానికి మించకుండా కోసి వదులు చేయడం, లేదా బిగుసుకున్న పిక్క కండరాన్ని సడలించడం అందులో చేసేది. పొరను ఎక్కువగా కోస్తే అరికాలి వంపు కుంగి, పాదం బయటి అంచున కొత్త నొప్పి మొదలవుతుంది. ఎక్స్‌రేలోని ముల్లును తీసేయడం కోసమే చేసే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి.

పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఆపరేషన్ లేకుండానే ఈ నొప్పి తగ్గుతుంది. అందుకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చన్న మాటను మొదటి రోజే చెప్పకపోవడం వల్ల రోగి రెండు వారాలకొక డాక్టరును మారుస్తాడు, ప్రతి కొత్త డాక్టరూ కొత్త మాత్రతో మొదలుపెడతారు, వ్యాయామం ఎక్కడా మూడు నెలలు పూర్తి కాదు. వారం వారం నొప్పిని కొలుచుకుంటే నిరాశే మిగులుతుంది, ఎందుకంటే పెళ్ళి పనులో, తిరునాళ్ళో వచ్చిన వారంలో అది మళ్ళీ పెరుగుతుంది. నెలకొకసారి, ఉదయపు తొలి అడుగు పోటు ఎంత ఉంది, ఎన్ని అడుగులకు సర్దుకుంటోంది అన్నది చూసుకుంటే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. నొప్పి పోయాక కూడా మడమ లేపే వ్యాయామాన్ని వారానికి రెండుసార్లయినా, రెండు కాళ్ళకూ, కొనసాగించాలి; ఇంటి చెప్పులను మాత్రం ఇక విడవనక్కర్లేదు.